సున్నం బస్తా మీద పిట్ట

పిట్టల్ని తోలడం నా ఉద్యోగం.
నెలకి పదకొండు వేలు, గట్టు మీద తాటాకు పాక,
ఓ రేకుడబ్బా, కర్ర, సంచిడు టపాకాయలు.
రొయ్య మీద ముక్కు పెట్టేది
నీటికాకైనా, గూడబాతైనా, తెల్లకొంగైనా
దాని పేరు నాకు "హోయ్".

పుష్యమాసం.
బలుసుతిప్ప వెనక మడచెట్లు ఇంకా కనపడని వేళ,
ఏరేటర్ల మీద మంచు తడిగుడ్డలా వేలాడుతుంటే
సున్నం బస్తా మీద కూర్చునుంది అది.
గుప్పెడంత.
ఒళ్ళంతా ఎండిన ఇసక,
గొంతుకి మాత్రం పొయ్యిమసి,
తోక సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు.

కర్ర ఎత్తాను. ఎగరలేదు.
హోయ్ అన్నాను.
రెండుసార్లు వంగి లేచింది,
కొత్తగా చేరిన గుమాస్తాలా.

డబ్బా మోగించబోయి ఆగాను.
నాలుగెకరాల రొయ్య మెదులుతుంటే
నీళ్ళకి వీపు తిప్పుకు కూర్చున్న పిట్టని
తొమ్మిదేళ్ళ కాపలాలో నేను చూళ్ళేదు.
ఈగొకటి ఎగిరింది. ఈగ లేదు.
పిట్ట మళ్ళీ బస్తా మీదే ఉంది.

మూడోనాడు ఇజ్రాయేలు మేష్టారొచ్చారు,
ఏటా ఈ రోజుల్లో పిట్టల్ని లెక్కెట్టే మనిషి,
మెళ్ళో దుర్భిణి, పంచెకి బురద.
బస్తా వైపు చూసి మాట మధ్యలో ఆపేశారు.
"ఇది ఎడారిదిరా లోవరాజూ"
అన్నారు చాలాసేపటికి, గుళ్ళో మాట్లాడినట్టు.
పుస్తకం తెరిచి పటం చూపించారు.
పడమటి కొసన పసుపు పూసిన జాగా,
మనవైపు ఉత్త కాగితం.
జానతో కొలిచాను.
జానెడు కూడా లేదు.

తర్వాత కార్లు.
ఫిరంగుల్లాంటి కెమెరాలు పట్టుకుని
నా పాక నీడలో బోర్లా పడుకున్న పెద్దమనుషులు.
చెప్పులిప్పి నడుస్తున్నారు, అది బెదురుతుందని.
నన్ను దగ్గొద్దన్నారు.

చెరువు గలాయన బండి దిగకుండానే అడిగాడు:
"అది రొయ్య తింటదా?"
తినదండి.
"మరెందుకొచ్చింది?"
మేష్టారు నావైపు చూశారు.
నేను మేష్టారి వైపు చూశాను.

చలికాలం కంబళ్ళమ్ముకునే మార్వాడీ కుర్రాడు
కేశారామ్ మోపెడ్ ఆపితే
సెల్లులో బొమ్మ చూపించాను.
నవ్వాడు. "మా మేకల దొడ్డి గోడ మీద
రోజూ ఉంటుంది. దీన్నెవరు చూస్తారు?"
కాసేపాగి సెల్లు మళ్ళీ అడిగి తీసుకున్నాడు.
పిట్టని కాదు, దాని వెనకాల
ఖాళీ గట్టుని రెండువేళ్ళతో పెద్దది చేసి చూశాడు.
ఆ తర్వాత చెరువుకేసి వేలు చూపి
"ఈ రొయ్యలు మీవేనా, ఇక్కడివేనా?" అన్నాడు.
వనామీ. సముద్రాల అవతలిది.
తల్లులు విమానమెక్కి వచ్చాయని చెప్పాను.
కంబళి బేరం ముప్ఫై రూపాయల దగ్గర తెగలేదు.

ఆ వారం గట్టు మీద టపాకాయ పేలలేదు.
ఎవరూ కాల్చొద్దనలేదు.
చీకట్లో అగ్గిపుల్ల గీసి
సున్నం బస్తాల వైపు చూసి
బీడీ అంటించుకున్నాను, అంతే.
నీటికాకులకి ఎవరు చెప్పారో!
జీతంలో రెండువేలు కోత పడింది.

శివరాత్రికి ముందే వెళ్ళిపోయింది.
వెళ్ళిన రోజు ఏదో నాకు సరిగ్గా తెలీదు,
ఆవేళ మేత లారీ వచ్చింది.
మేష్టారి పుస్తకంలో మాత్రం
ఉత్త కాగితం మీద పెన్సిలు చుక్క ఉంది.
చెరిపితే పోతుంది.

ఇప్పుడు కర్ర ఎత్తేముందు
తోక చూస్తున్నాను.
ఆ కాసేపట్లోనే
కొంగ ఓ రొయ్యని మింగేస్తోంది.